నా కథల్లో మాటలు ఎలా బాగుపడ్డాయంటే

నా కథల్లో తాత, మనవరాలు, బ్రోకరు అందరూ ఒకేలా మాట్లాడేవాళ్లు. మాది కావలి. బయట "యాడికి పోతుండావబ్బయా" అనే మనిషి నా కాగితం మీదికొచ్చేసరికి "ఎక్కడికి వెళుతున్నారు" అనేవాడు.

భారతంలో విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాసిన మన నెల్లూరు తిక్కననే మళ్లీ పట్టుకున్నా. ద్రౌపది కీచకుడితో మాట్లాడే తీరు వేరు, భీముడితో వేరు. (పద్యం అర్థం కానిచోట టీకా చూసుకున్నా. అందులో నామోషీ ఏముంది?)

ఇప్పుడు డ్రాఫ్ట్ అయ్యాక పేర్లు, "అన్నాడు", "అంది" అన్నీ తీసేసి, మాటలు మాత్రమే ఫోన్‌లో రికార్డు చేసి వింటాను. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకపోతే ఆ మాట తిరగరాస్తాను. యాసను ప్రతి వాక్యంలో ఇరికించను, అక్కడక్కడా తగిలితే చాలు. వర్ణనలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాలేదు. వాటిని సగానికి సగం కొట్టేయాల్సి వచ్చింది.