లాగ్ క్లియర్ చేసినా డిస్క్ ఖాళీ కావట్లేదా? ముందు ‘హూ’ కొట్టండి

విజయనగరం, శ్రీకాకుళంలో కొన్ని హోల్‌సేల్ షాపుల పాత బిల్లింగ్ సిస్టమ్‌లు నేనే చూస్తుంటాను. అన్నీ యూనివర్స్ అనే డేటాబేస్ మీద నడిచేవే. నెలకోసారైనా ఒకే రకం ఫోను వస్తుంది: "లాగ్ ఫైల్ క్లియర్ చేసేశామండీ, డిస్క్ నిండిందనే అంటోంది." "హూ కొట్టి ఏ అకౌంట్‌లో ఉన్నారో చూసుకున్నారా?" అంటే అవతల మౌనం. అకౌంట్ అంటే ఒక ఆఫీసు ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు ఉండే విభాగం. హూ కొట్టడం పది సెకన్ల పని. దయచేసి మానకండి.

కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. స్క్రీన్ మీద మాత్రం ఇంగ్లిష్ పెద్దక్షరాలే పడాలి.

సమస్య: ‘ఈ వెర్బ్ మీ వీఓసీలో లేదు’ అంటోంది

వీఓసీ అంటే ఆ అకౌంట్‌కు తెలిసిన కమాండ్లు, ఫైళ్ల పేర్ల జాబితా. క్లియర్ కమాండ్ కొట్టగానే ఇలా వస్తే నూటికి తొంభై సార్లు చుక్కా, గీతా తేడాయే. పిక్ అనే పాత డేటాబేస్ సంప్రదాయంలో క్లియర్, ఫైల్ మధ్య అడ్డగీత ఉంటుంది. ప్రైమ్ ఇన్ఫర్మేషన్ అనే మరో పాత డేటాబేస్ నుంచి వచ్చిన పద్ధతిలో చుక్క ఉంటుంది. యూనివర్స్‌లో ఏ రూపం చెల్లుతుందనేది అకౌంట్ తెరిచిన రోజున ఎంచుకున్న ఫ్లేవర్ (అంటే కమాండ్ల పద్ధతి) మీద ఆధారపడి ఉంటుంది. ‘సీటీ’ రికార్డును లైన్ల వారీగా చూపించే కమాండ్; ‘సీటీ వీఓసీ రెల్‌లెవెల్’ కొట్టండి, మూడో లైన్లో ఫ్లేవర్ పేరు కనిపిస్తుంది. చుక్కా గీతా లేకుండా కలిపి రాసే ‘క్లియర్‌ఫైల్’ బేసిక్ ప్రోగ్రామ్ లోపల రాసే స్టేట్‌మెంట్, ప్రాంప్ట్ దగ్గర పనికిరాదు.

అన్నీ సరిగ్గా ఉన్నా ఒప్పుకోకపోతే క్యాప్స్ లాక్ చూడండి. యూనివర్స్ చాలాచోట్ల అక్షరాలను తిరగేసి తీసుకుంటుంది. మీరు పెద్దవి కొడితే దానికి చిన్నవి చేరతాయి. ‘పీటెర్మ్ కేస్ నోఇన్వర్ట్’ ఇస్తే ఆ గొడవ పోతుంది.

ఇంకొక్క మాట. ‘డేటా’ అన్న పదం రాయకపోయినా నడుస్తుందని వదిలేయకండి. ‘క్లియర్.ఫైల్ డేటా ట్రాన్స్.లాగ్’ అని పూర్తిగా రాయండి. పొరపాటున ‘డిక్ట్’ అని పడిందంటే రికార్డులు చెక్కుచెదరవు, కాలమ్‌ల వివరాలుండే డిక్షనరీ మాత్రం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ తర్వాత ఏ రిపోర్టూ కాలమ్‌లను గుర్తుపట్టదు.

సమస్య: కౌంట్ సున్నా చూపిస్తోంది, డిస్క్ మాత్రం అలాగే ఉంది

నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే.

ఒక వ్యాపారికి విజయనగరంలో హెడ్డాఫీసు, శ్రీకాకుళంలో బ్రాంచి. ఒకే సర్వర్, రెండు అకౌంట్లు. శ్రీకాకుళం వాళ్లు డిస్క్ నిండిందంటే ఆ అకౌంట్‌లోకే వెళ్లి లాగ్ క్లియర్ చేశాను. రికార్డుల లెక్క చెప్పే ‘కౌంట్’ కొడితే సున్నా వచ్చింది. డిస్క్ నిండిందన్న గొడవ మాత్రం తీరలేదు. ఏదో సర్దుకుంటుందిలే అనుకుని పడుకున్నాను. పొద్దున్నే విజయనగరం గుమస్తా గారి ఫోను: "సార్, మా నిన్నటి లాగ్ ఏటైపోనాదండీ?"

నేను తుడిచింది వాళ్ల లాగ్. బ్రాంచి తెరిచినప్పుడు ఎవరో విజయనగరం అకౌంట్ వీఓసీని యథాతథంగా కాపీ చేశారు. అందులో లాగ్ ఫైల్‌కు పూర్తి పాత్ రాసి ఉంది. దాంతో శ్రీకాకుళంలో కూర్చుని పేరు పలికినా తలుపు విజయనగరంలోనే తెరుచుకునేది. మరి శ్రీకాకుళం లాగ్ ఎక్కడ నిండుతోంది? ఆ బ్రాంచి ప్రోగ్రామ్ వీఓసీతో పని లేకుండా ‘ఓపెన్‌పాత్’తో నేరుగా తన ఫైల్‌ను తెరుచుకుని రాసుకుంటోంది. రాత్రి బ్యాకప్ తర్వాత పడిన ఎంట్రీలు ఇక దొరకవు. ఆయనా నేనూ బిల్లు పుస్తకాల కార్బన్ కాపీలు ముందేసుకుని, స్టాకుతో ఒక్కొక్కటీ సరిచూసేసరికి రాత్రి తొమ్మిది దాటింది.

అందుకే ఇప్పుడు నేను వరుస తప్పను. ముందు ‘హూ’ కొట్టి అకౌంట్ చూస్తాను. తర్వాత ‘సీటీ వీఓసీ’ పక్కన లాగ్ ఫైల్ పేరు ఇస్తాను. మొదటి లైన్లో ఎఫ్ ఉంటే, రెండో లైన్లో డేటా ఉన్న పాత్, మూడో లైన్లో డిక్షనరీ పాత్ ఉంటాయి. రెండో లైన్ స్లాష్‌తో మొదలైతే ఆ ఫోల్డర్ ఎవరిదో చూడకుండా ముందుకు కదలను. మొదటి లైన్లో ఎఫ్ బదులు క్యూ ఉంటే అది పక్క అకౌంట్‌కు దారి చూపే గుర్తు: రెండో లైన్ అకౌంట్ పేరు, మూడోది అక్కడి ఫైల్ పేరు.

ఆపైన అసలు పరీక్ష. కౌంట్ చూసుకుని ఒక డమ్మీ బిల్లు వేయండి, మళ్లీ కౌంట్ కొట్టండి. లెక్క పెరగలేదంటే ప్రోగ్రామ్ ఇంకెక్కడో రాస్తోందని అర్థం. అప్పుడు ప్రోగ్రామ్ సోర్స్‌లో ఓపెన్ లైన్లు వెతకండి. తేలేదాకా క్లియర్ కమాండ్ జోలికి పోవద్దు. తేలాక ‘ఈడీ వీఓసీ’తో (ఈడీ అంటే ఎడిటర్) పాత్ సరిదిద్ది, డమ్మీ బిల్లుతో ఇంకోసారి చూసుకుని, అప్పుడు తుడవండి.

సమస్య: సెలెక్ట్ పెట్టి పాత రికార్డులు డిలీట్ చేశాం, సైజు తగ్గలేదు

ఫైల్ టైప్ 30 (దానంతటదే పెరిగే రకం) అయితే ఓవర్.30 అనే భాగం ఒకసారి పెరిగాక రికార్డులు తీసేసినంత మాత్రాన చిక్కిపోదు. ఖాళీ అయిన చోటు ఫైల్ లోపలే ఉండి మళ్లీ వాడకానికి వస్తుంది, డిస్క్‌కు తిరిగి రాదు. ఎవరూ వాడని వేళ చూసి ‘రీసైజ్’ పక్కన ఫైల్ పేరు, మూడు నక్షత్రాలు ఇవ్వండి. మొత్తం అక్కర్లేదనుకుంటే క్లియర్ చేయడమే నయం.

సమస్య: ఫాంటమ్ లాగ్‌లు పేరుకుపోయాయి

ఫాంటమ్ అంటే బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే ప్రోగ్రామ్. యూనివర్స్‌లో వీటి లాగ్‌లుండే ఫైల్ పేరుకు రెండు పక్కలా యాంపర్సాండ్ (&) ఉంటుంది, యూనిడేటా అనే మరో డేటాబేస్‌లో అండర్‌స్కోర్. యూనిక్స్ షెల్ నుంచి తుడిచేటప్పుడు యాంపర్సాండ్ పేరును కోట్స్‌లో పెట్టండి. లేకపోతే షెల్ అక్కడికక్కడే కమాండ్‌ను తెగ్గొట్టి, ముందు ముక్కను బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపిస్తుంది. నడుస్తున్న ఫాంటమ్ లాగ్‌ను ఆర్ఎం (షెల్‌లో ఫైల్ తీసేసే కమాండ్) చేస్తే పేరు పోతుంది, చోటు పోదు. ఆ ప్రాసెస్ ముగిసేదాకా డిస్క్ విడుదల కాదు. పాతవాటినే తీయండి.

మిగతావి అరుదు. ఒకే పేరు కింద చాలా డేటా భాగాలుంటే కామా పెట్టి భాగం పేరు కూడా ఇవ్వాలి. కమాండ్ కొట్టాక కదలకుండా నిలబడిపోతే ఎవరిదో లాక్ ఉందేమో ‘లిస్ట్.రీడ్‌యూ’లో చూసి, ఆ మనిషికి ఫోన్ చేసి స్క్రీన్ నుంచి బయటికి రమ్మనండి.