అనంతపురం ఎండల్లో గడ్డికి నీళ్లు

ఇంటి ముందు గడ్డి పెంచేవాళ్లకు ఒక మాట. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఊరు మనది. రోజూ పైపైన కాసిన్ని నీళ్లు చల్లితే ఎండే తాగేస్తుంది, వేరు లోపలికి దిగదు. రెండు మూడు రోజులకోసారి, తెల్లవారుజామున, జానెడు లోతు తడిసేలా పట్టండి. పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి, సులువుగా దిగితే నేల తడిసినట్టే. అడుగేసిన చోట గడ్డి తిరిగి లేవకపోతే దానికి దాహమేసిందని అర్థం.

ఎండాకాలంలో రెండంగుళాలకన్నా కురచగా కోయొద్దు. కోసిన ముక్కలు అక్కడే వదిలేయండి, ఎరువవుతాయి.

జూన్‌లో తొలి వాన పడగానే గట్టిపడిన ఎర్రనేలకు గడ్డపారతో బెజ్జాలు వేసి, బాగా మాగిన పశువుల ఎరువు జల్లించి పలుచగా చల్లండి. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు మాత్రం పోయకండి, నేలలో ఉప్పు పేరుకుంటుంది.