గోథిక్ రివిజన్‌కి ఒక్క తలుపు చాలు

ఇంగ్లిష్ ఫైనల్ పరీక్షకి గోథిక్ సాహిత్యం, అంటే భయం, రహస్యం నిండిన కథలు, అనగానే చాలామంది కోట, తుఫాను, దెయ్యం, చీకటి అని లక్షణాల జాబితా బట్టీ పడతారు. ఆ జాబితాకి మార్కులు పెద్దగా రాలవు. దాని బదులు ఒక్కో నవలలో ఒక్క వస్తువు పట్టుకోండి.

1886లో వచ్చిన స్టీవెన్‌సన్ నవల, జెకిల్, హైడ్ కథే చూడండి. అందులో మర్యాదస్తుడైన డాక్టర్ జెకిల్, దుర్మార్గుడైన హైడ్ నిజానికి ఒక్కరే. మొదటి అధ్యాయంలోనే ఒక తలుపు. రంగు పొక్కిపోయి ఉంటుంది, గంట లేదు, తట్టడానికి కడియమూ లేదు. హైడ్ దగ్గర దాని తాళంచెవి ఉంటుంది. తీరా చూస్తే అది పెద్దమనిషి జెకిల్ ఇంటికే వెనక దారి! ద్వంద్వ స్వభావం, పరువు భయం, విక్టోరియన్ లండన్ అన్నీ ఆ తలుపు చుట్టూనే రాసేయొచ్చు.

1897 నాటి 'డ్రాక్యులా'లో అయితే, కోటకి వచ్చిన ఇంగ్లిష్ లాయర్ హార్కర్ గడ్డం గీసుకునే చిన్న అద్దం. వెనక నిలబడ్డ కౌంట్ డ్రాక్యులా, అంటే ఆ రక్తపిశాచి, అందులో కనపడడు. 'ఫ్రాంకెన్‌స్టైన్'కి మాత్రం వస్తువు కన్నా కథ ఎవరు చెబుతున్నారో పట్టుకోవడం మేలు: ఓడలో వెళ్తున్న అన్వేషకుడు వాల్టన్ ఉత్తరాల్లో శాస్త్రం చదివిన విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ కథ, దాని లోపల అతను సృష్టించిన జీవి కథ.

రోజుకో వస్తువు తీసుకుని, పుస్తకం మూసేసి పది నిమిషాలు రాయండి. అది ఏం దాస్తోంది? భయం ఎవరికి? రచయిత వాడిన మాటేంటి? ఆ మాట కూడా మూడు నాలుగు పదాలు మించకుండా గుర్తుంచుకోండి. పేరా మొత్తం బట్టీ కొట్టి, హాల్లో సగంలో మర్చిపోతే వచ్చే టెన్షన్ నాకు బాగా తెలుసు.