ప్రవర్తనా సహాయ సేవలోని మనుషులను ఎంచుకోవడం ఎలా?

వైకల్యం ఉన్న వ్యక్తికి ప్రవర్తన విషయంలో తోడ్పడే సేవను ఎంచుకునేటప్పుడు, సంస్థ పేరుకన్నా ముందు అందులో పనిచేసే మనుషులను తెలుసుకోవాలి. సాధారణంగా ఆ వ్యక్తికి ఎలా తోడ్పడాలో ప్రణాళిక రాసే నిపుణులు ఒకరు, దానిని రోజూ అమలు చేసే సహాయకులు వేరొకరు. అందువల్ల ఇద్దరినీ కలిసి మాట్లాడండి.

కొట్టడం, అరవడం వంటి ప్రవర్తనకు కారణం ఎలా కనుగొంటారని నిపుణులను అడగండి. దానికి ముందు ఏం జరిగింది, ఆ వ్యక్తి ఏం చేశారు, తరువాత ఏం దక్కింది లేదా ఏం తప్పింది అనే మూడింటినీ కొన్నాళ్లపాటు నమోదు చేయించి, పంటినొప్పి, మలబద్ధకం, నిద్రలేమి వంటివి లేవని వైద్యులచేత నిర్ధారించుకున్నాకే ప్రణాళిక రాస్తామనేవారిని నమ్మవచ్చు. మనిషిని చూడకుండానే పరిష్కారం చెప్పేవారిని నేనైతే అంగీకరించను. మాటలు రాని వ్యక్తికి అరుపే అడిగే పద్ధతి కావచ్చు. బదులుగా బొమ్మల కార్డు చూపడమో సైగ చేయడమో నేర్పే స్పీచ్ థెరపిస్టు బృందంలో ఉన్నారేమో కనుక్కోండి.

గదిలో బంధించడం, కట్టివేయడం, మత్తుమందులివ్వడం గురించి సూటిగా ప్రశ్నించి, జవాబును లిఖితపూర్వకంగా తీసుకోండి. వైకల్యం ఉన్నదన్న కారణంతో ఎవరి స్వేచ్ఛనూ హరించరాదని వైకల్యం ఉన్న వ్యక్తుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 14వ అధికరణ చెబుతోంది.

వారు ఆ వ్యక్తితో నేరుగా మాట్లాడుతున్నారా, లేక ఆ వ్యక్తి ఎదుటే మీతో మాత్రమే మాట్లాడుతున్నారా అన్నది కూడా తప్పక గమనించండి.