అక్వేరియం బొమ్మల్లో చేపలు ఇరుక్కోకుండా చూసుకోవడం ఎలా?

చేప ఒక రంధ్రంలోకి దూరగలిగితే అందులోనుంచి బయటికి రావడం కూడా దానికి తెలుసునని మనం అనుకుంటాం. చేప శరీరం అలా పనిచేయదు. పొలుసులు, ఈతరెక్కలు, మొప్పల మూతలు అన్నీ తోక వైపుకు వాలి ఉంటాయి. ముందుకు వెళ్తున్నంతసేపు అవి ఒంటికి అణిగి ఉంటాయి కాబట్టి చేప ఇరుకు సందులోకి కూడా సులువుగా జారిపోతుంది. వెనక్కి రావాలన్నప్పుడు మాత్రం అవే విచ్చుకుని రంధ్రం అంచులకు తట్టుకుంటాయి. వానకాలంలో చెరువు మత్తడి కింద చేపల కోసం పెట్టే వెదురు బుట్టలోనూ జరిగేది దాదాపు ఇదే, లోపలికి దారి ఉంటుంది గాని తిరుగుదారి ఉండదు. గాజు తొట్టిలో మనం ముచ్చటపడి పెట్టే కోట బొమ్మ తెలియకుండానే అలాంటి బుట్టగా మారుతుంది.

నోటితో గాజుకు అతుక్కుని పాచి తినే సక్కర్ చేప విషయంలో ప్రమాదం మరీ ఎక్కువ. దాని వీపు మీది రెక్కకు, మొప్పల పక్కనున్న రెక్కలకు గట్టి ముళ్లు ఉంటాయి, బెదిరినప్పుడు అది ఆ ముళ్లను నిటారుగా బిగించేస్తుంది. రాళ్ల సందులో శత్రువుకు చిక్కకుండా ఉండేందుకు ప్రకృతి ఇచ్చిన ఈ రక్షణే ప్లాస్టిక్ కిటికీలో దానికి ఉరి అవుతుంది. మా ఇంట్లో ఒక సక్కర్ ఏడాదిపాటు రోజూ దూరి వచ్చిన కోట కిటికీలోనే ఒక రాత్రి ఇరుక్కుంది. కిటికీ మారలేదు, చేప పెరిగింది. దుకాణంలో 2 అంగుళాలు ఉన్నప్పుడు కొనే మామూలు సక్కర్ పెద్దదైతే అడుగు దాటుతుంది, ఆస్కార్ అనే చేప కూడా అడుగు దాకా పెరుగుతుంది. అందువల్ల బొమ్మను కొనేటప్పుడు చేప ఇవాళ ఎంత ఉందో కాక, పూర్తిగా పెరిగితే ఎంత ఉంటుందో లెక్కలోకి తీసుకోవాలి.

నేను పాటించే కొలత ఒకటుంది. రంధ్రం చేప మూతి కూడా పట్టనంత చిన్నదిగా ఉండాలి, లేదా రెక్కలు విప్పుకున్నప్పటి చేప వెడల్పుకు కనీసం రెట్టింపు ఉండాలి. ఈ రెండింటికీ మధ్యనున్న ప్రతి రంధ్రాన్నీ అనుమానించాలి. తొట్టిలో గప్పీల వంటి చిన్నవి, గోల్డ్ ఫిష్ వంటి పెద్దవి కలిసి ఉంటే ఈ కొలత అన్నిటికీ ఒకేసారి కుదరదు. అప్పుడు కిటికీలు, బురుజులు ఉన్న కోటల జోలికి పోకుండా ఖిలా వరంగల్ తోరణంలా రెండు వైపులా పూర్తిగా తెరిచి ఉన్న ఆకారాన్ని ఎంచుకోవడమే మేలు. చేప దాని కింద నుంచి నేరుగా వెళ్లిపోతుంది, వెనక్కి తిరగవలసిన అవసరమే రాదు.

ఒకే ద్వారం ఉండి లోపల డొల్లగా ఉన్న బొమ్మలతో మరో చిక్కు ఉంది. లోపల నీరు కదలదు, తిండి ముక్కలు, మలం చేరి కుళ్లుతాయి, ప్రాణవాయువు తగ్గుతుంది. మన వైపు మే నెలలో తొట్టి నీరు బాగా వేడెక్కుతుంది, వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది కాబట్టి అలాంటి గదిలో చిక్కుకున్న చేపకు ఉండే గడువు ఇంకా తక్కువ. గౌరామి, ఫైటర్ చేపలు కొర్రమీను మాదిరిగానే నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. ఇవి అడుగున ఇరుక్కుంటే నీటిలో ఉండి కూడా ఊపిరాడక చనిపోతాయి.

పాత బొమ్మను పారవేయనక్కరలేదు. చిన్న రంధ్రాలను అక్వేరియం సిలికాన్‌తో పూడ్చవచ్చు, కానీ బాత్రూంలకు వాడే బూజు నిరోధక రకాన్ని వాడకూడదు, అందులోని మందు చేపలకు విషం. పూసిన తరువాత కనీసం రెండు రోజులు ఆరనిచ్చి, పుల్లని వాసన పూర్తిగా పోయాక కడిగి తొట్టిలో పెట్టాలి. పెద్ద రంధ్రాలలో ఫిల్టర్ స్పాంజిని బిగించి కుక్కితే చాలు. అంచుల పదును తెలుసుకోవడానికి పాత నైలాన్ సాక్సును బొమ్మ మీద అంతటా రుద్ది చూడాలి. దారం ఎక్కడ పట్టుకుంటే చేప రెక్క కూడా అక్కడే చిరుగుతుంది, ఆ చోటును గరుకు కాగితంతో నునుపు చేయాలి.

కుమ్మరి దగ్గర దొరికే మట్టి గురిగి చేపలకు మంచి గూడు అని చాలామంది పెడుతుంటారు. అయితే దాని మెడ ఇరుకు, పొట్ట వెడల్పు, అంటే దూరడానికి సులువు, తిరగడానికి కష్టం. రంగు వేయని గురిగిని నిలువునా సగానికి పగలగొట్టి, అంచులను బండ మీద అరగదీసి బోర్లించి పెడితే భయముండదు. రాళ్ల విషయానికి వస్తే క్వారీ దగ్గర తెచ్చిన గ్రానైట్ ముక్కల కంటే వాగులో నునుపెక్కిన గుండ్రాళ్లు నయం. వాటిని ఇసుక మీద కాకుండా తొట్టి అడుగు మీదే కుదురుగా పేర్చి, ఆ తరువాత ఇసుక పోయాలి. లేకపోతే తవ్వే అలవాటున్న ఆస్కార్ కింది ఇసుకను లాగేసి రాళ్లను తన మీదే పడేసుకుంటుంది. హీటర్‌కు, గాజుకు మధ్య సందు, ఫిల్టర్ వెనక సందు కూడా చూడాలి. హీటర్ దగ్గర ఇరుక్కున్న చేపకు ఒళ్లు కాలుతుంది.

ఇంత చూసినా చేప ఇరుక్కుంటే తోక పట్టి లాగకూడదు, పొలుసులు ఊడి రెక్కలు చిరుగుతాయి. ముందుగా తొట్టి లైటు ఆపి కొన్ని నిమిషాలు ఆగాలి. చీకట్లో భయం తగ్గి సక్కర్ తన ముళ్లను దించుకుంటే అదే జారి బయటపడవచ్చు. అలా జరగకపోతే తొట్టి నీటినే నింపిన బకెట్‌లోకి బొమ్మతో సహా మార్చి, ఎయిర్ పంపు గొట్టం చివర బుడగలు వదిలే రాయిని వేసి, తడి వేళ్లతో చేప తల ఏ దిక్కున ఉందో ఆ దిక్కుకే మెల్లగా నెట్టాలి. ముందుకు దారి లేకపోతే బొమ్మనే కత్తిరించాలి. ప్లాస్టిక్‌ను కటింగ్ ప్లేయర్‌తో చేపకు దూరంగా ఉన్న వైపు నుంచి కొద్దికొద్దిగా తుంచుతూ రావాలి, మధ్యమధ్యలో చేపను మొప్పల దాకా నీటిలో ముంచి ఉంచాలి. విడిపించిన సక్కర్‌ను వలలో ఎత్తవద్దు, ముళ్లు వలకు చిక్కుకుని మళ్లీ మొదటికే వస్తుంది; ప్లాస్టిక్ డబ్బాతో ఎత్తాలి.

ఆ తరువాత వారం రోజులు రెక్కల చిరుగుల మీద, ఊడిన పొలుసుల చోట తెల్లని దూదిలాంటి బూజు వస్తుందేమో గమనిస్తూ, రెండు మూడు రోజులకోసారి పావు వంతు నీరు మార్చాలి. నల్లా నీటికి యాంటీ క్లోరిన్ (క్లోరిన్‌ను పోగొట్టే మందు) కలిపి, తొట్టి నీటితో సమానమైన వెచ్చదనానికి తెచ్చి పోయాలి. గోల్డ్ ఫిష్ వంటి వాటికి లీటరుకు 1 గ్రాము చొప్పున అయోడిన్ లేని ఉప్పు కరిగించి వేయవచ్చు, సక్కర్‌కు మాత్రం ఉప్పు సరిగా పడదు కాబట్టి శుభ్రమైన నీటితోనే మాననివ్వాలి. రోజూ మేత వేసేటప్పుడు చేపలను లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే మరుసటి రోజు దాకా ఆగకుండా ముందు బొమ్మను ఎత్తి చూడండి.