బల్లార్షా ఎండల్లో అక్వేరియం: నా అనుభవం

మాది మహారాష్ట్రలోని బల్లార్షా. మే నెలలో చంద్రపూర్ జిల్లా ఎండ గురించి ఇటువాళ్లకి చెప్పక్కర్లేదు, 45 డిగ్రీలు దాటడం మామూలే. మధ్యాహ్నానికి తొట్టి నీళ్లు 33కి చేరి, గోల్డ్‌ఫిష్‌లు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉంటే చాలా టెన్షన్ వచ్చింది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో అప్పుడే ఇంకా ఎక్కువ కావాలి. అసలు చిక్కు అదే.

పనిచేసింది చిన్న క్లిప్ ఫ్యాన్. గాజు మూత తీసేసి, చేపలు బయటికి దూకకుండా దోమతెర ముక్క బిగించి, గాలి నీళ్ల మీద ఏటవాలుగా తగిలేలా పెట్టాను. మా దగ్గర పొడి వేడి కాబట్టి నీళ్లు త్వరగా ఆవిరై తొట్టిలో వేడి మూడు డిగ్రీల మేర దిగింది. బరంపురం లాంటి ఉక్కపోత ఊళ్లలో ఇంత దిగదు. నీళ్లు ఆవిరైనా లవణాలు తొట్టిలోనే మిగులుతాయి, అందుకే తరిగినంత మేర, లవణాలు చాలా తక్కువుండే ఆర్‌ఓ (ఫిల్టర్) నీళ్లు పోస్తాను, వారం వారం కొంత నీరు మార్చడం మాత్రం మానను. పగలు లైటు వేయను. ఎయిర్ పంపు ఆపను. ఐస్ గడ్డలు దయచేసి వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేపలు తట్టుకోలేవు. కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే, ఫ్రిజ్‌లోని చల్లనీళ్ల సీసాని మూత గట్టిగా బిగించి కాసేపు తేలనిస్తాను, థర్మామీటర్ చూసుకుంటూ.