లినక్స్‌లో తెలుగు తేడా కొడితే: జబ్బు ఫాంటుదా, కీబోర్డుదా, ప్రోగ్రాముదా?

తెర మీద తెలుగు బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే అది ఫాంటు లేని జబ్బు. గుణింతం గుర్తు కింద చుక్కలతో గీసిన సున్న కనిపిస్తే అది వేళ్ల తప్పు. ఒత్తులు కిందికి దిగకుండా పొల్లుతో పక్కపక్కనే నిలబడితే అది ఆ ప్రోగ్రాము తప్పు. లినక్స్‌లో తెలుగు గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఈ మూడింట్లో ఒకటే. ఏదో తేల్చుకోకుండా మూడింటికీ కలిపి మందు వేస్తే ఉన్న సెట్టింగులు కూడా చెడతాయి.

తేల్చుకోవడానికి ఒక్క మాట చాలు: స్త్రీ. చూడ్డానికి ఒకే అక్షరం, లోపల యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఈ ఆరింటినీ కలిపి ఒక్క ముద్దగా చేసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్, గ్నోమ్ (ఉబుంటులో వచ్చే డెస్క్‌టాప్) అన్నీ దాన్నే వాడుతున్నాయి కాబట్టి వాటిలో 'స్త్రీ' విడిపోవడం ఇప్పుడు అరుదు. అక్కడ కూడా విడిపోతే ముందు ఫాంటు మార్చి చూడండి. ఒత్తుల పట్టిక సరిగా లేని పాత ఫాంటు అయ్యుండొచ్చు.

ఇక్కడ కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాశాం. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోనే కొట్టాలి.

ముందు ఫాంట్లు

ఉబుంటు, డెబియన్, మింట్‌లలో ప్యాకేజీ పేరు 'ఫాంట్స్-టెలు'. ఇది మూటలాంటిది, దీన్ని అడిగితే తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు కలిసి వస్తాయి. 'టెలుగు' అని పూర్తిగా రాస్తే దొరకదు, 'టెలు' దగ్గర ఆపాలి. ఫెడోరాలో నోటో సాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు విడివిడి ప్యాకేజీలు. సాఫ్ట్‌వేర్ అంగడిలో వెతకడం కన్నా టెర్మినల్లోనే వేసుకోవడం నయం, ఎందుకంటే చాలా అంగళ్లు ఫాంట్ ప్యాకేజీలను చూపించవు.

చదవడానికి నోటో సాన్స్ తెలుగు, పుస్తకం పేజీకి నోటో సెరిఫ్ తెలుగు. మండలి కూడా పేజీ నిండా చదవడానికి బాగుంటుంది. రామభద్ర శీర్షికలకే, దాంతో పేరాలు రాస్తే కళ్లు లాగుతాయి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. దించుకున్న ఫాంటు ఫైలును హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోవచ్చు, అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ నొక్కితే దాగిన ఫోల్డర్లు బయటపడతాయి. 'డాట్ లోకల్' లోపల 'షేర్', దాని లోపల 'ఫాంట్స్' అనే ఫోల్డర్ (లేకపోతే చేసుకోండి) ఫాంట్ల చోటు. తరవాత 'ఎఫ్‌సి-క్యాష్ -ఎఫ్' కొట్టి, తెరిచి ఉన్న ప్రోగ్రాములను మూసి తెరవాలి. మూయకపోతే కొత్త ఫాంటు జాబితాలోకి రాకపోవచ్చు.

ఫాంట్లు పడ్డాయో లేదో చూసే కమాండ్ 'ఎఫ్‌సి-లిస్ట్ :లాంగ్=టిఇ'. ఇక్కడ భాష గుర్తు రెండు అక్షరాలు: టి, ఇ. ఇది గుర్తుంచుకోండి, చివర్లో ఇంకో గుర్తు వస్తుంది. జాబితా ఖాళీగా వస్తే ఫాంటు లేదు. జాబితా నిండుగా ఉండి బ్రౌజర్‌లో ఇంకా తెలుగు బదులు పిచ్చిగీతలే కనిపిస్తుంటే, ఆ పేజీ యూనికోడ్ కాని పాత ఫాంటుతో తయారై ఉండొచ్చు. డీటీపీ సెంటర్ల నుంచి వచ్చే అను (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఫైళ్లదీ ఇదే కథ. అందులో నిజానికి తెలుగు అక్షరాలు లేవు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల మీద తెలుగు ముక్కల బొమ్మలు ఉన్నాయి. అవి పిచ్చిగీతల్లా కనిపిస్తాయి, ఎన్ని యూనికోడ్ ఫాంట్లు వేసినా మారవు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేసి, ఒత్తులు కళ్లతో సరిచూసుకోవడమే దారి.

కీబోర్డు: అసలు చిక్కు ఇక్కడే

రెండు దారులున్నాయి. మొదటిది సిస్టమ్‌లో ముందే ఉండే ఎక్స్‌కేబీ లేఅవుట్లు (ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే పట్టికలు): తెలుగు (ఇన్‌స్క్రిప్ట్), కగప ఫొనెటిక్, సరళ. వీటికి ప్యాకేజీ ఏదీ వేయక్కర్లేదు. రెండోది ఐబస్ (కొట్టిన మీటలను అక్షరాలుగా మార్చే ప్రోగ్రాము) మీద నడిచే ఎం17ఎన్ అనే టైపింగ్ పద్ధతుల మూట, అందులో ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, పోతన ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవాళ్లకు ఆర్‌టీఎస్ కావాలి. దానికి 'ఐబస్-ఎం17ఎన్' ప్యాకేజీ వేయండి. వేశాక లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వండి. వేశాను కానీ జాబితాలో లేదు అనేవాళ్లలో ఎక్కువమంది ఈ మెట్టు దాటేసినవాళ్లే.

గ్నోమ్‌లో సెట్టింగ్స్, కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్. ప్లస్ నొక్కి, మూడు చుక్కలు నొక్కి, వెతుకు పెట్టెలో తెలుగు అని ఇంగ్లిష్‌లో కొట్టండి. ఆర్‌టీఎస్ అప్పటికీ రాకపోతే గ్నోమ్ దాన్ని దాచి ఉంచిందన్నమాట. డీకాన్ఫ్ ఎడిటర్ వేసుకుని ఆర్గ్, గ్నోమ్, డెస్క్‌టాప్, ఇన్‌పుట్-సోర్సెస్ వరసలో వెళ్లి 'షో-ఆల్-సోర్సెస్' మీటను ఆన్ చేస్తే బయటికొస్తుంది. భాష మార్చడానికి సూపర్ (విండోస్ గుర్తున్న మీట), స్పేస్. మింట్‌లో 'ఇన్‌పుట్ మెథడ్' అనే పనిముట్టులో ఐబస్‌ను ఎంచుకుని, లాగిన్ అయ్యాక ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు చేర్చాలి.

ఆర్‌టీఎస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం వేరు. ఫోన్లో ఎలా కొట్టినా దానంతటదే ఊహించి రాసే కీబోర్డుకు అలవాటుపడ్డవాళ్లు తడబడేది ఈ ఒక్క కారణంతోనే. చిన్న టీ త, షిఫ్ట్ పట్టిన టీ ట. చిన్న డీ ద, పెద్ద డీ డ. ఎన్ చిన్నదైతే న, పెద్దదైతే ణ. ఎల్ చిన్నది ల, పెద్దది ళ. అచ్చుల్లో చిన్న ఈ మీట ఎ, షిఫ్ట్‌తో ఏ. ఓ మీట కూడా అంతే. షిఫ్ట్ పట్టి ఇంగ్లిష్ మొదటి అక్షరం మీట కొడితే దీర్ఘం. సున్నకు పెద్ద ఎమ్. 'రాముడు'కు షిఫ్ట్ రెండుసార్లు: దీర్ఘానికి ఒకసారి, డ కోసం ఇంకోసారి. రెండు రోజులు చిరాకు పడితే మూడోరోజుకి వేళ్లకు పట్టేస్తుంది. ఊహ కావాల్సిందే అనుకుంటే 'ఐబస్-టైపింగ్-బూస్టర్' వేసుకోండి. అది అదే ఎం17ఎన్ పద్ధతి మీద నిఘంటువు చూసి మాటలు సూచిస్తుంది.

రోజూ పేజీలకు పేజీలు రాసేవాళ్లకు మాత్రం ఇన్‌స్క్రిప్టే మేలు. గుణింతాలు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువభాగం కుడి చేతికి. డీ మీట పొల్లు, షిఫ్ట్ డీ అ. 'అమ్మ' అంటే షిఫ్ట్ డీ, సీ, డీ, సీ: అ, మ, పొల్లు, మ. ఒత్తు ఎలా పుడుతుందో ఈ నాలుగు మీటల్లోనే తెలిసిపోతుంది. హల్లుకు పొల్లు పెట్టి ఇంకో హల్లు కొడితే ఆ రెండోది ఒత్తుగా కిందికి దిగుతుంది. అదే గుణింతం గుర్తును హల్లు కన్నా ముందు కొడితే, దాన్ని మోసే అక్షరం లేక చుక్కల సున్న వస్తుంది. కంటికి ఎత్వం అక్షరం నెత్తిన కనిపించినా మీటల్లో హల్లు ముందు, ఎత్వం తరవాత.

'సాఫ్ట్‌వేర్', 'ఫేస్‌బుక్' లాంటి మాటల్లో ఇంకో తంటా. ఏమీ చేయకపోతే 'సాఫ్ట్వేర్' అని వకారం ఒత్తైపోతుంది. మధ్యలో కనిపించని అక్షరం ఒకటి పెట్టాలి, దాని సంకేతం 200సీ. కీబోర్డును ఇంగ్లిష్‌కు మార్చి, కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి వదిలి, 200సీ కొట్టి ఎంటర్ నొక్కితే పడుతుంది. ఎక్స్‌కేబీ లేఅవుట్ వాడేవాళ్లకు ఇంతకన్నా సులువైన దారి ఉంది: కేడీఈ (గ్నోమ్ లాంటి ఇంకో డెస్క్‌టాప్) కీబోర్డ్ సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ జాబితాలో, స్పేస్ మీటకు సంబంధించిన భాగంలో, షిఫ్ట్‌తో స్పేస్ నొక్కితే ఈ అక్షరమే పడేటట్టు పెట్టుకోవచ్చు. కాకపోతే పొరపాటున ఎక్కడపడితే అక్కడ పడితే, చూడ్డానికి ఒకేలా ఉన్న మాట వెతికితే దొరకదు. ఆఫీసు ఫైళ్లలో 'ఫైండ్' పనిచేయట్లేదని గింజుకునే ముందు ఇది చూసుకోండి.

వేలాండ్ వచ్చాక

తెరనూ మీటలనూ ప్రోగ్రాములకు అందించే వ్యవస్థలు రెండు: పాతది ఎక్స్11, కొత్తది వేలాండ్. ఉబుంటు 25.10లో గ్నోమ్‌కు పాత ఎక్స్11 సెషన్ లేదు, లాగిన్ అయితే వేలాండే. కాబట్టి మీటల అమరిక మార్చడానికి పాత వ్యాసాల్లో కనిపించే 'సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్', 'ఎక్స్‌మాడ్‌మ్యాప్' చిట్కాలు వేలాండ్ ప్రోగ్రాముల మీద పనిచేయవు. కమాండ్ నడిచినట్టే కనిపిస్తుంది, అందుకే మోసపోతాం.

కేడీఈ ప్లాస్మా 6లో వేలాండ్ వాడుతుంటే ఐబస్ వేయడం ఒక్కటే చాలదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'వర్చువల్ కీబోర్డ్' పేజీకి వెళ్లి ఐబస్ వేలాండ్‌నో, ఐబస్ లాంటిదే అయిన ఎఫ్‌సీఐటీఎక్స్ 5నో ఎంచుకోవాలి. పేరు చూసి ఇది టచ్ తెరలకేనని వదిలేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు పడి, క్రోమ్ ఆధారంగా చేసిన యాప్‌లో పడకపోతే ఆ యాప్‌ను '--ఓజోన్-ప్లాట్‌ఫామ్=వేలాండ్', '--ఎనేబుల్-వేలాండ్-ఐఎంఈ' అనే రెండు గుర్తులతో తెరిచి చూడండి.

లిబ్రేఆఫీస్

ఫాంటు మారుస్తున్నా తెలుగు మారడం లేదంటే కారణం ఇది: లిబ్రేఆఫీస్ ఇంగ్లిష్‌కు ఒక ఫాంటు, భారతీయ లిపులకు వేరే ఫాంటు గుర్తుపెట్టుకుంటుంది. ఆ రెండో గదిలో చాలా లినక్స్‌లలో దేవనాగరి ఫాంటు కూర్చుని ఉంటుంది. అందులో తెలుగు లేదు కాబట్టి ప్రోగ్రాము చేతికందిన ఇంకో ఫాంటుతో నెట్టుకొస్తుంది. అదే ఫైలు పక్క కంప్యూటర్‌లో ఇంకోలా కనిపించేదీ, పేజీల లెక్క మారేదీ అందుకే.

టూల్స్, ఆప్షన్స్‌లోకి వెళ్లి, భాషల భాగంలో 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్'కు టిక్కు పెట్టి పక్కన తెలుగు ఎంచుకోండి. తరవాత లిబ్రేఆఫీస్ రైటర్ కింద 'బేసిక్ ఫాంట్స్ (సీటీఎల్)' పేజీలో నోటో సెరిఫ్ తెలుగో, మీకు నచ్చిన ఇంకోటో పెట్టి, సైజు కూడా అక్కడే మార్చండి. లైన్ స్పేసింగ్‌ను 'ఫిక్స్‌డ్' చేయకండి. 'స్త్రీ'లో రెండో ఒత్తు తెగిపోయేది దాంతోనే. ప్రపోర్షనల్‌లో 115 నుంచి 130 శాతం మధ్య పెడితే ఒత్తులకు చోటు మిగులుతుంది. పేజీ కూర్పుకు స్క్రైబస్ వాడాలంటే 1.6 గానీ ఆ పైది గానీ వేసుకోండి. పాత 1.4 వరసలో తెలుగు ఒత్తులు కలవవు.

టెర్మినల్లో తెలుగు రాయాలని పట్టుపట్టకండి. అక్కడ ప్రతి అక్షరానికీ ఒకే కొలత గడి ఉంటుంది, మన అక్షరాలు ఆ గడిలో ఇమడవు. కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట కనిపిస్తాయి. ఫైలు మాత్రం పాడవదు, టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే బాగానే ఉంటుంది.

ఫైలు పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, కానీ ఎక్స్‌ట్4లో (లినక్స్ డిస్కులో ఫైళ్లు దాచే పద్ధతి) పేరుకు 255 బైట్లే హద్దు. యూనికోడ్‌ను ఫైల్లో భద్రపరిచే యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు, అంటే 85 దగ్గర ఆగిపోతుంది. గుణింతాలు, పొల్లులు కూడా విడిగా లెక్కకొస్తాయి కాబట్టి 'స్త్రీ' ఒక్కటే 18 బైట్లు తింటుంది. వ్యాసం శీర్షికనంతా ఫైలు పేరుగా పెడితే కాపీ మధ్యలో ఆగేది ఇందుకే.

అచ్చు కాగితం నుంచి తెలుగు తీయడానికి 'టెసరాక్ట్-ఓసీఆర్', దానికి తోడు 'టెసరాక్ట్-ఓసీఆర్-టెల్' ప్యాకేజీలు. ఇక్కడ భాష గుర్తు మూడు అక్షరాలు: టి, ఇ, ఎల్. ఫాంట్ల దగ్గర వాడిన రెండక్షరాల గుర్తు ఇస్తే భాష దొరకలేదని తిడుతుంది. ఇంగ్లిష్ మాటలు కలిసిన పేజీకి 'టెల్+ఇంగ్' ఇవ్వండి. స్కాన్ 300 డీపీఐకి తగ్గకూడదు. తగ్గితే ముందు పోయేవి ఒత్తులే, తరవాత ప, ష, వ, మ ఒకదానికొకటి తారుమారవుతాయి. పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన తెలుగు ముక్కలుముక్కలుగా వస్తున్నా ఇదే మందు: చాలా పీడీఎఫ్‌లలో అక్షరాల వరస ఉండదు, బొమ్మల వరస ఉంటుంది. 'ఓసీఆర్‌ఎంవైపీడీఎఫ్' అనే ప్రోగ్రాముకు '-ఎల్ టెల్', '--ఫోర్స్-ఓసీఆర్' ఇచ్చి నడిపితే పాత అక్షరాల పొరను పక్కనపెట్టి బొమ్మ నుంచే కొత్తగా చదువుతుంది.